మడి మూలన కేళీలు

నర్సంపేటలో బస్సు దిగేసరికి తొమ్మిది దాటింది. అత్తమ్మ వాళ్ల ఊరికి అక్కణ్నుంచి ఆటో. ఈసారి పండుగకు కాదు, వడ్లు చూడటానికే వెళ్లాను. "మాకు నంబర్ వడ్లిచ్చిన్రు" అని మామ ఫోన్లో చెప్పినప్పటి నుంచి అదే ధ్యాస.

నంబర్ వడ్లంటే మినీకిట్. పరిశోధన స్థానంలో తయారైన రకాన్ని విడుదలకు ముందు కొన్ని కిలోలు రైతుకిచ్చి, ఆయన పొలంలోనే వేయిస్తారు. దానికింకా పేరుండదు. పక్క మడిలో ఎప్పుడూ వేసే రకం ఉంటుంది, పోల్చి చూడటానికి.

గట్టు మీద నడుస్తుంటే నా చెప్పొకటి బురదలో ఉండిపోయింది. అత్తమ్మ నవ్వు ఆపుకోలేదు.

ఇటువైపు వరికి ఉల్లికోడు పెద్ద బెడద. పురుగు పిలక లోపలికి చేరితే ఆకు ఉల్లికాడలా గొట్టమైపోతుంది, ఇక ఆ పిలకకు కంకి రాదు. 1986లో వచ్చిన సాంబమసూరి తినడానికి ఎంత బాగున్నా కోడుకు ఆగదు. కోడును తట్టుకునే సిద్ధి లాంటి రకాలు వరంగల్ పరిశోధన స్థానం నుంచి వచ్చింది అందుకే. మామ కూడా ముందు గొట్టాలే వెతికాడు. ఒక్కటీ దొరకలేదు.

అత్తమ్మ చూపు వేరు. ఒక కంకి తెంపి అరచేతుల్లో నలిపింది. పొట్టు ఊది, ఒక గింజ పంటి కింద పెట్టింది.

"పటుక్కున రెండైంది సూడు. మిల్లుల నూకే."

తర్వాత గడ్డిపోచ వంచి చూసింది. "ఇంత గట్టి గడ్డి బర్లు ముట్టయి."

గట్టిగా ఉంటేనే కదా చేను పడిపోనిది, అన్నాను.

"నిజమే, పడితె మిషన్ కోత ఆగమే. మరి బర్లకు నువ్వు చెప్తవా?"

నేనేం చెప్పను? రెండు రకాలను సంకరం చేసి, తరం వెంట తరం ఏరుకుంటూ ఒక రకాన్ని నిలబెట్టేసరికి ఎనిమిది, పదేళ్లు పడుతుంది. ఈమెను అడిగింది ఆఖర్న. ఇప్పుడు గడ్డి మెత్తగా కావాలంటే ఎక్కణ్నుంచి తెస్తారు? నాలుగో తరంలోనో ఐదో తరంలోనో, ఇంకా వందల వరుసలు చేతిలో ఉన్నప్పుడే, ఇలాంటి నలుగురిని ఒక పూట ఆ మళ్లలో తిప్పితే పోయేదేముంది?

మనం తినే హెచ్ఎంటీ బియ్యం రైతు ఏరినవే. ఆదిలాబాద్ అవతల, చంద్రపూర్ జిల్లాలో దాదాజీ ఖోబ్రగడే అనే చిన్న రైతు, పటేల్-3 అనే వరి రకం మడిలో తేడాగా కనబడ్డ మొక్కల గింజలు దాచి, మళ్లీ మళ్లీ వేసి నిలబెట్టిన రకం అది. అప్పట్లో అందరూ ఇష్టపడే గడియారం పేరే దానికి పెట్టారు. ఆయన 2018లో పోయాడు.

ఆ సంగతి చెబితే అత్తమ్మ ఏమీ అనలేదు. ఇంటికొచ్చాక దూలానికి వేలాడదీసిన చిన్న కంకుల కట్ట చూపించింది. నిరుడు సన్నాల మడిలో మొలిచిన కేళీలట, అంటే వేసిన రకం మధ్య తేడాగా మొలిచిన వేరే వరి మొక్కలు. పీకేయమని మామ అంటే, గడ్డి మెత్తగా ఉందని రెండు దుబ్బులు ఉంచిందట.

"వానకాలం మూలకింత నారు పోస్త" అని, ఎలుకలకు అందకుండా కట్టను ఇంకాస్త పైకి కట్టింది.