మిద్దె మీద ఆగ్నేయ మూల

మాది అనంతపురం దగ్గర పల్లె. ఎండకు కరువు లేదు. గాలివాన వచ్చిందంటే మాత్రం ఒక్కోసారి తెల్లారేదాకా కరెంటు రాదు. ఆ ఉక్కలో అమ్మకు కంటి మీద కునుకు ఉండదు. అందుకే పోయిన మే నెలలో ఇంటికి సోలార్ పెట్టాలని కూర్చున్నాను. ఐటీఐలో ఎలక్ట్రికల్ చదివాను కాబట్టి నేనే బిగించుకోగలనన్న ధైర్యం ఉంది.

మిద్దె మీద సోలార్ పెట్టుకునేవాళ్లకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ ఇస్తారు. కానీ గుర్తింపు ఉన్న వెండరే బిగించాలి, ఊరి కరెంటు లైనుకు కలపాలి (దీన్నే ఆన్‌గ్రిడ్ అంటారు). పైగా బ్యాటరీ లేని ఆన్‌గ్రిడ్ సిస్టమ్ కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. నాకు కావలసింది రాత్రి ఫ్యాన్ తిరగడం. సబ్సిడీ వదులుకున్నాను.

ముందు నోట్‌బుక్‌లో లెక్క రాశాను. పాత ఫ్యాన్ ఒక్కటే 75 వాట్లు తింటుంది. ఇంట్లో ఉన్న మూడూ తీసేసి తక్కువ కరెంటుతో తిరిగే 28 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెట్టాను. పది గంటలు తిరిగితే మూడింటికీ కలిపి 840 వాట్ అవర్లు. బల్బులు, టీవీ, వైఫై కలుపుకుంటే రోజుకు ఒకటిన్నర యూనిట్, అంటే 1,500 వాట్ అవర్లు. ఫ్రిజ్‌ను, బోరు మోటారును దీని జోలికి రానివ్వలేదు. 335 వాట్ల ప్యానెళ్లు రెండు, ఇన్వర్టర్లకు వాడే 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) ట్యూబులర్ బ్యాటరీలు రెండు సరిపోయాయి. బ్యాటరీని సగం కంటే కిందికి దించకూడదని ముందే అనుకున్నాను.

ప్యానెళ్లు సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటిగా కలిపితే 90 వోల్టులు దాటుతుంది, చల్లటి పొద్దున ఇంకాస్త పెరుగుతుంది. అందుకని 150 వోల్టుల దాకా తట్టుకునే ఎంపీపీటీ కంట్రోలర్ తెచ్చాను; ప్యానెళ్ల నుంచి వీలైనంత కరెంటు రాబట్టి బ్యాటరీలు నింపేది అదే. వైర్లు కలిపేటప్పుడు ప్యానెళ్ల మీద మందపాటి దుప్పట్లు కప్పాను. ఎండ ఉన్నంతసేపు ప్యానెల్‌కు స్విచాఫ్ లేదు. ప్యానెల్ ఇచ్చేది ఒకే దిక్కున పారే డీసీ కరెంటు; అందులో నిప్పురవ్వ లేస్తే ఇంటి లైనులో వచ్చే ఏసీలో లాగా సులువుగా ఆరదు. అందుకే ఎంసీబీ (తేడా వస్తే కరెంటు తెంచే స్విచ్) కూడా డీసీదే వాడాలి, ఇంట్లో మిగిలిన ఏసీ ఎంసీబీ పెట్టకండి. ఈ ఒక్క విషయంలో దయచేసి డబ్బు మిగుల్చుకోవద్దు.

ప్యానెళ్లు దక్షిణం వైపు 15 డిగ్రీల వాలుతో కూర్చున్నాయి. నైరుతిలో నీళ్ల ట్యాంకు, దానికి ఈశాన్యంగా నా స్టాండు. మే నెలంతా పొద్దున్నించి సాయంత్రం దాకా చూశాను, ట్యాంకు నీడ ఒక్క గంట కూడా పడలేదు. ఆరు నెలలు బాగా నడిచింది.

ధనుర్మాసం వచ్చేసరికి బ్యాటరీ నిండడం మానేసింది. చల్లదనానికి ప్యానెల్ ఇంకా బాగా పనిచేయాలి కదా! తుడిచాను, కనెక్టర్లు విప్పి చూశాను, బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ పోశాను. టెన్షన్‌తో రెండు వారాలు గడిచాయి.

అమ్మ గుమ్మడి వడియాలు పెట్టడానికి మిద్దెక్కింది. చాప నేరుగా ఆగ్నేయ మూలకు తీసుకెళ్లింది. ఇక్కడే ప్యానెళ్ల పక్కన పరచవచ్చు కదమ్మా అన్నాను.

"చలికాలం అక్కడ మధ్యాహ్నం దాటితే ఎండుండదు నాయనా. ట్యాంకు నీడొస్తుంది."

రెండున్నరకు వెళ్లి చూస్తే ఒక ప్యానెల్ మీద నీడ అడ్డంగా పడి ఉంది. మే నెలలో మా దగ్గర సూర్యుడు ఉత్తరానికి జరిగి ఉంటాడు, డిసెంబరులో దక్షిణాన కిందుగా పోతాడు. అది పుస్తకంలో చదివాను, మిద్దె మీద మాత్రం చూడలేదు. సిరీస్‌లో ఒకదాని మీద నీడ పడితే రెండో దాని రాబడి కూడా దెబ్బతింటుంది.

సంక్రాంతి లోపే స్టాండు ఆగ్నేయ మూలకు మార్చాను. వైరు పన్నెండడుగులు ఎక్కువైంది, సిమెంటు దిమ్మెలు మళ్లీ పోశాను. అమ్మ చాపకు మాత్రం ప్యానెళ్ల ముందు ఆరడుగులు వదిలాను.