నార్త్ కరోలినాలో సీఎన్‌ఏ పరీక్షకు నేను సిద్ధమైన తీరు

పక్షవాతంతో మంచాన పడిన మా అత్తయ్యగారికి గుంటూరులో మూడేళ్లపాటు స్నానం చేయించడం, బట్టలు మార్చడం, అన్నం తినిపించడం అన్నీ నా చేతుల మీదుగానే జరిగాయి. అందువల్ల, అమెరికా వచ్చి పని అనుమతి చేతికందాక, నర్సుల కింద ఉంటూ రోజువారీ సేవలు చేసే నర్స్ ఎయిడ్ (సీఎన్‌ఏ, అంటే సర్టిఫైడ్ నర్సింగ్ అసిస్టెంట్) కోర్సులో చేరినప్పుడు, ఇందులో నాకు కొత్తగా నేర్చుకోవలసింది పెద్దగా ఉండదనే అనుకున్నాను. రాత పరీక్ష మొదటిసారే గట్టెక్కింది గానీ, పనులు చేసి చూపే స్కిల్స్ పరీక్షలో తప్పాను. ఇంట్లో పెద్దవాళ్లకు సేవ చేసిన అనుభవంతో ఈ దారిలోకి వస్తున్న మన ఆడపడుచులు ఎందరో ఉన్నారు గనుక, ఆ అనుభవం ఎక్కడ అండగా నిలుస్తుందో, ఎక్కడ అడ్డం పడుతుందో వివరంగా చెప్పాలని ఇది రాస్తున్నాను.

ముందుగా ఒక మాట తేటపరచాలి. మన దగ్గర నర్సింగ్ హోమ్ అంటే చిన్న ప్రైవేటు ఆసుపత్రి; ఇక్కడ మాత్రం అది వృద్ధులు, దీర్ఘరోగులు ఏళ్ల తరబడి నివసించే చోటు. అందుకే అక్కడివారిని పేషెంట్ అనకుండా రెసిడెంట్ అంటారు. 1987లో వచ్చిన ఫెడరల్ చట్టం ఈ రెసిడెంట్ల హక్కులతో పాటు మన శిక్షణకూ కనీస ప్రమాణం పెట్టింది: మొత్తం 75 గంటల శిక్షణ, అందులో రెసిడెంటును తాకడానికి ముందే పూర్తి కావలసినవి 16 గంటలు. నార్త్ కరోలినాలో కనీసం ఆ 75 గంటలే. కాలిఫోర్నియాలో అయితే 160. మీ రాష్ట్రం లెక్క చూసుకున్నాకే ఫీజు కట్టండి.

మా రాష్ట్రంలో జరిగే పరీక్షకు రెండు భాగాలు. రాత పరీక్షలో రెండు గంటల్లో 70 ప్రశ్నలు. వాటిలో 60కే మార్కులు లెక్కిస్తారు, లెక్కించని ఆ పది ఏవో మనకు తెలియదు. ఇంగ్లిష్ చదవడం కష్టమనుకునేవారు ప్రశ్నలను చెవిలో వినే విధానాన్ని ఎంచుకోవచ్చు. స్కిల్స్ పరీక్షలో అయిదు పనులు చేసి చూపాలి. ఒకటి చేతులు కడుక్కోవడం, మరొకటి తప్పనిసరిగా నాడి, శ్వాస, మూత్రం పరిమాణం వంటి ఏదో ఒక కొలత. అయిదింటిలో ఒక్కటి తప్పినా ఆ భాగం మళ్లీ రాయవలసిందే. ప్రతి పనిలోనూ ఒకటో రెండో కీలకమైన మెట్లు ఉంటాయి, వాటిలో ఒకటి జారితే మిగతాదంతా ఎంత బాగా చేసినా ఆ పని పోయినట్టే.

నేను జారింది అక్కడే. మంచం మీది మనిషిని నడుముకు బెల్టు కట్టి వీల్‌చెయిర్‌లోకి మార్చమన్నారు. పరీక్షకు వచ్చిన మరొకావిడ రెసిడెంటుగా కూర్చున్నారు. కుర్చీని మంచం పక్కకు తెచ్చి నా వైపు చక్రానికి బ్రేకు వేశాను, ఆమెతో మాట్లాడుతూ బెల్టు సరిచూశాను, లేవదీశాను. ఆమె లేచి నిలబడ్డాక అవతలి చక్రానికి బ్రేకు వేయలేదని కనిపించింది. పొరపాటును గమనించిన వెంటనే, మన పని చూసి మార్కులు వేసే ఎవాల్యుయేటరుకు చెప్పి దిద్దుకునే వీలు ఈ పరీక్షలో ఉంది గానీ, లేవదీయడానికి ముందు చేయవలసిన పనిని లేపాక దిద్దుకోలేము. గుంటూరులో అత్తయ్యగారిని నేను ఒంటిచేత్తో పొదివి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టేదాన్ని; బ్రేకుల మాటే తెలియని ఆ అలవాటే నా చేతుల్లో ఇంకా మిగిలి ఉంది.

రెండోసారికి ప్రిపరేషన్ పూర్తిగా మార్చాను. పుస్తకంలోని మెట్లను కంఠతా పట్టడం మాని, ప్రతిదాన్నీ గట్టిగా పలుకుతూ చేయడం మొదలుపెట్టాను. సాయంత్రం మావారిని మంచం మీద పడుకోబెట్టి కుడిచెయ్యి చచ్చుబడినట్టు ఉంచమనేదాన్ని. చొక్కా తొడిగేటప్పుడు పడిపోయిన చెయ్యి ముందు, విప్పేటప్పుడు బాగున్న చెయ్యి ముందు. ఇది ఇరవై సార్లు చేశాకగానీ ఆలోచించకుండా రాలేదు. పని మొదలుపెట్టేముందు తలుపు తట్టి, నేనెవరో చెప్పి, ఏం చేయబోతున్నానో వివరించి, పరదా లాగాలి. ముగిశాక మంచాన్ని కిందికి దించి, పిలుపు గంట చేతికందేలా పెట్టి, చేతులు కడుక్కోవాలి. చేతులు కడిగేటప్పుడు సబ్బు నురుగుతో కనీసం 20 సెకన్లు రుద్దాలి, వేళ్ల కొసలు కిందికే ఉండాలి, తుడుచుకున్నాక కుళాయిని పొడి పేపర్ టవల్‌తోనే కట్టాలి. వంటింటి సింక్ దగ్గర నేను రోజూ ఒట్టి చేత్తోనే కుళాయి కట్టేస్తున్నానని మా అబ్బాయి చూసి చెప్పేదాకా నాకే తెలియదు.

నాడి చూడటానికి పూర్తి ఒక నిమిషం లెక్కపెట్టండి. మీ అంకె ఎవాల్యుయేటరు అంకెకు నాలుగు అటూ ఇటూ లోపల ఉండాలి, శ్వాస అయితే రెండు. అర నిమిషం చూసి రెట్టింపు చేసే అలవాటు ఉంటే ఇప్పుడే మానండి.

రాత పరీక్షలో నన్ను తికమకపెట్టినవి వైద్యానికి సంబంధించిన ప్రశ్నలు కావు, మర్యాదకు సంబంధించినవి. పెద్దావిడను మామ్మగారూ అని పిలవడం మనకు గౌరవం. ఇక్కడ రెసిడెంట్‌ను ఆమె ఎలా పిలవమంటే అలాగే, లేదా మిసెస్ అని ఇంటిపేరుతో పిలవాలి, వరుసలు, ముద్దుపేర్లు తప్పు సమాధానాలు. స్నానం వద్దన్న మనిషిని బుజ్జగించి ఒప్పించడం మన ఇంట్లో ప్రేమ. పరీక్షలో సరైన జవాబు ఆ నిరాకరణను గౌరవించి నర్సుకు తెలియజేయడం. మొదట్లో నాకిది ముభావంగా తోచింది. శిక్షణలో భాగంగా రెసిడెంట్ల దగ్గర పనిచేసే క్లినికల్ గంటల్లో ఒక పెద్దాయన, స్నానం సాయంత్రానికి మార్చమని అడిగి, ఆ మాట చెల్లిందని తెలిసి మంచం మీద నిటారుగా కూర్చోవడం చూశాక, అత్తయ్యగారిని నేను ఏనాడూ ఎప్పుడు స్నానం చేస్తారని అడగలేదన్న సంగతి మనసును తొలిచింది.

కొలతల్లో ఔన్సుకు 30 మిల్లీలీటర్లన్నది గుర్తుంచుకుంటే తాగిన ద్రవాల లెక్కలు సులువు. జ్వరం మనమూ ఫారెన్‌హీట్‌లోనే చూస్తాం గనుక అక్కడ ఇబ్బంది లేదు. మందులు ఇవ్వడం, రోగం పేరు బంధువులకు చెప్పడం ఎయిడ్ పని కాదు. అలాంటి వాక్యం జవాబుల్లో కనిపిస్తే వెంటనే పక్కన పెట్టేయండి.

తప్పిన భాగం ఒక్కటే మళ్లీ రాయవచ్చు. మూడు అవకాశాలు దాటితే శిక్షణ మొదటినుంచి తీసుకోవాలి. రెండోసారి పరీక్షలో నాకు చచ్చుబడిన కుడిచెయ్యికి చొక్కా తొడిగే పని ఇచ్చారు. వీల్‌చెయిర్ పని ఇవ్వలేదు గానీ, ఇప్పుడు పని చేసే చోట ఏ కుర్చీని ముట్టుకున్నా నా చెయ్యి ముందు ఒక చక్రం బ్రేకు, తర్వాత రెండోది తడిమి చూస్తుంది.