మేకపోతు చెవిలో దొరికిన జబ్బు

మాది పాకాల దగ్గర ఒక పల్లె. 34 మేకలు, ఏడు నెల్లూరు గొర్రెలు. మా వైపు అన్నిటినీ కలిపి జీవాలంటాం. పోయిన కార్తీకంలో వారపు సంతలో 14,000 పెట్టి ఒక మేకపోతును కొన్నాను. నల్లగా నిగనిగలాడతా, నడిస్తే దొరలా ఉండేది. దిష్టి తగలకుండా మెడకు నల్లదారం కూడా కట్టాం. తెచ్చిన సాయంత్రమే మందలో తోలేశాను.

మూడు వారాలకు దగ్గు మొదలైంది. మంచు కాలం కదా, చలికేమోలే అనుకున్నాం. తర్వాత ముక్కులు కారడం, మేత ముట్టకపోవడం. ఒక పెద్ద మేక మెడ చాచి, నోరు తెరిచి ఊపిరి పీలుస్తా ఉంటే థర్మామీటరు పెట్టాను. 105.4.

"పారుడు రోగం రా, ఇంకేమీ కాదు" అన్నాడు మా మామ. నాకు నమ్మకం కుదరలేదు. పేరులోనే పారుడు ఉంది, మావాటికి పెంటికలు గట్టిగానే పడతా ఉన్నాయి. పైగా పారుడు టీకా వేయించి ఏడాదిన్నరే అయింది, అది మూడేళ్ళు కాపాడుతుందంటారు. అయితే మరేమిటని డాక్టర్ని అడగాలి కదా. నేను మందుల షాపుకు పోయి, చెప్పి, పెన్సిలిన్ జాతి ఇంజక్షన్ తెచ్చి ఐదు రోజులు నా చేత్తోనే పొడిచాను. తగ్గలేదు. మోతాదు పెంచి ఇంకో నాలుగు రోజులు.

అప్పటికి మూడు చచ్చాయి. ఒక పిల్లకు ముందుకాలి కీలు నిమ్మకాయంత వాచింది. ఈని నెలైన మేకకు పొదుగు ఒక పక్క గట్టిపడి, పాలకు బదులు పసుపు నీళ్ళు వచ్చాయి. దగ్గుకొక మందు, కీళ్ళకొకటి, పొదుగుకొకటి అడిగి తెచ్చిన ఘనుణ్ణి నేను.

మా పశువుల డాక్టరు గారు వచ్చి దొడ్డి అంతా తిరిగి, పిల్ల కీలు నొక్కి, మేక పొదుగు నొక్కి, "మూడూ ఒకటే జబ్బయ్యుండొచ్చు. మైకోప్లాస్మా అనే క్రిమి అని నా అనుమానం. చూసి తేల్చేది కాదు, ల్యాబుకు పోవాలి. ఈసారి ఏదైనా చస్తే నాకు ఫోన్ చెయ్యి" అన్నారు.

ఆ రాత్రే ఇంకొకటి చచ్చింది. అర్ధరాత్రి ఆయనను లేపడమెందుకని నేనే కోశాను. మా తమ్ముడు డిగ్రీలో జువాలజీ. ల్యాబ్ శాంపిలంటే ఫార్మలిన్‌లో, అంటే ముక్క కుళ్ళకుండా ఉంచే మందు నీళ్ళలో వెయ్యాలన్నాడు. ఊపిరితిత్తి ముక్కను సీసాలో వేసుకుని తెల్లారే బస్సెక్కి తిరుపతి వెటర్నరీ కాలేజీకి పోయాను. 1955 నాటి కాలేజీ అది, పాత చెట్ల నీడలో నడుస్తా ఉంటే పెద్ద పని చేస్తున్నట్టే అనిపించింది.

అక్కడి మేడమ్ మూత తీసి, వాసన చూసి, మళ్ళీ మూసేశారు. "ఇందులో ఏ క్రిమీ బతికుండదండీ. ముక్క కోసి కణాలు ఎట్లా చెడినాయో చూడొచ్చు, అంతే. మాకు క్రిమి ప్రాణంతో రావాలి." తర్వాత కాగితం తీసుకుని నన్ను అడిగిన మొదటి ప్రశ్న: ఏ ఇంజక్షన్ వేశారు, ఎప్పటి నుంచి?

చెప్పాను. ఆవిడ తిట్టలేదు. మామూలు బాక్టీరియాకు చుట్టూ గోడ ఉంటుందని, పెన్సిలిన్ ఆ గోడను కట్టుకోనివ్వదని, మైకోప్లాస్మాకు ఆ గోడే లేదని చెప్పారు. అంటే లేని గోడను పడగొట్టడానికి తొమ్మిది రోజులు సూదులు పొడిచాను. అంతటితో ఆగలేదు. ఆవిడ ఫ్రిజ్‌లోంచి గులాబీ రంగు ద్రవమున్న చిన్న సీసా తీసి చూపించారు. గుర్రపు సీరం, ఈస్ట్ సారం, గ్లూకోజ్ కలిపిన మేత అది, మైకోప్లాస్మా కోసం. "మిగతా బాక్టీరియా పెరిగి దీన్ని తొక్కెయ్యకుండా ఇందులో పెన్సిలినే వేస్తాం" అన్నారు. నేను నా మేకలకు వేసిందీ, వాళ్ళు క్రిమికి దారి చెయ్యడానికి వేసేదీ ఒకే మందు. ఇంటికొచ్చేంతవరకు అదే మాట తిరుగుతా ఉంది.

ఆ సీసాలు నాలుగు, స్వాబ్‌లనే దూది పుల్లలు, రక్తం పట్టే ఎర్ర మూత గొట్టాలు తెచ్చి డాక్టరు గారికిచ్చాను. ఇక ఇంకొకటి చావడానికి ఎదురుచూడాలి. ఆ మూడు రోజులు మాత్రం పగవాడికి కూడా వద్దు. మేతకు లేచిన ప్రతిదాన్నీ చూసి సంతోషపడాలా, శాంపిల్ రాలేదని దిగులుపడాలా?

నాలుగో రోజు ఉదయం ఫోన్ చేసిన గంటలోనే ఆయన వచ్చారు. చింతచెట్టు కింద గోనె పరిచి కోశాం. ఒక పక్క ఊపిరితిత్తి గులాబీగా, స్పాంజిలా ఉంది. రెండో పక్కది కాలేయంలా ఎర్రగా గట్టిపడి పక్కటెముకలకు అతుక్కుపోయింది. ఊడదీస్తే చిరిగింది. ఛాతీలో గడ్డిరంగు నీళ్ళు, వాటి మీద పెరుగు తరకల్లాంటివి తేలుతున్నాయి. ఆయన ఆ నీళ్ళను సిరంజిలోకి లాగారు. ముక్కను నడిమధ్యలో కొయ్యలేదు. మంచిదీ చెడ్డదీ కలిసే అంచులో కోశారు, క్రిమి బతికుండేది అక్కడేనట. ఇంకా మందు వెయ్యని మూడు మేకల ముక్కుల్లో స్వాబ్‌లు తిప్పి వెంటనే గులాబీ ద్రవంలో ముంచి పుల్ల విరిచేశారు. చెడిన పొదుగు పాలు కూడా.

థర్మాకోల్ పెట్టె చేపల కొట్టువాడు ఇచ్చాడు. ఐస్ సోడా బండి దగ్గర. సీసాలు గడ్డకట్టకూడదు, వేడెక్కకూడదు. బస్సులో పక్కాయన "ఏం చేపలు సామీ?" అని అడిగాడు. మేక ఊపిరితిత్తి అని చెప్పాను. ఆయన చంద్రగిరిలోనే దిగిపోయాడు, దిగాల్సింది అక్కడో కాదో.

ఆరో రోజుకు ద్రవం గులాబీ నుంచి పసుపుకు తిరిగిందని ఫోనొచ్చింది. గ్లూకోజ్ తిని పులియబెడితే అట్లా మారుతుందట. పదో రోజు నేను పోయినప్పుడు మేడమ్ క్రిమిని పెంచిన ప్లేటును మైక్రోస్కోప్ కింద పెట్టి చూడమన్నారు. ఉట్టి కంటికి ఏమీ లేదు, గాజు మీద ఊదిన ఆవిరిలా. లోపల చూస్తే వరసగా హాఫ్ బాయిల్ గుడ్లు! మధ్యలో ముదురు చుక్క, చుట్టూ పలచటి అంచు. ఆ మధ్య భాగం ప్లేటు లోపలికి దిగి ఉంటుందట. నా నాలుగు నెలల సంపాదన మింగింది ఇవేనా అనిపించింది.

పీసీఆర్‌లో, అంటే క్రిమి జన్యువును పట్టి చూసే పరీక్షలో, పేరు తేలింది: మైకోప్లాస్మా మైకోయిడిస్, కాప్రి రకం. మేకల్లో ఛాతీనే పట్టే అంటు న్యుమోనియా ఇంకొకటుంది, అది వేరే మైకోప్లాస్మాతో వస్తుంది. మాది కీళ్ళకూ పొదుగుకూ కూడా ఎక్కే రకం.

మందు మారింది. ఆక్సీటెట్రాసైక్లిన్, కొన్నిటికి టైలోసిన్. ఐదు రోజుల్లో దగ్గు తగ్గింది. మందు వేసిన మేకల పాలన్నీ గుంటలో పోశాం. పిల్ల కీలు మాత్రం నిటారుగా రాలేదు, ఇప్పటికీ ఎగిరెగిరి నడుస్తుంది.

అయిపోయిందనుకున్నాను. డాక్టరు గారు ఒప్పుకోలేదు. తగ్గిన జీవం లోపల క్రిమి మిగలొచ్చు, మళ్ళీ ఈనినప్పుడు పాలలో బయటపడొచ్చు అన్నారు. మంద మొత్తానికి రక్తం తీశారు, మూడు వారాలకు ఇంకోసారి. క్రిమి మీద పోరాడటానికి ఒంట్లో పుట్టే యాంటీబాడీలు ఎక్కుతున్నాయో దిగుతున్నాయో చూడటానికి. అయితే రక్తం మంద సంగతి చెబుతుంది, ఏ మేక అంటిస్తుందో కచ్చితంగా చెప్పదట. దానికోసం అన్నిటి చెవుల్లో స్వాబ్ తిప్పమన్నారు. ముక్కులో సరే, చెవిలో ఎందుకని నవ్వుకున్నాను. ఏ లక్షణమూ లేని మేకల చెవి రంధ్రంలో ఈ క్రిములు కూర్చుని ఉంటాయట.

మందలో మిగిలిన అన్నిటికీ తిప్పాం. పాజిటివ్ మూడు. రెండు జబ్బు పడి లేచినవి. మూడోది నా నల్ల మేకపోతు. అది ఒక్క రోజు దగ్గలేదు, ఒక్క పూట మేత మానలేదు.

సంతకు తోలితే 16,000 పలికేది, ఆరోజుకి బాగా కండపట్టింది. మా మామ తోలెయ్యమనే అన్నాడు. నాకు అమ్మినవాడికి తెలుసో తెలియదో గానీ, నాకు తెలుసు కదా. ఊళ్ళో కోతకే ఇచ్చేశాను, 9,000కి. మిగతా రెండూ అదే దారి. మొత్తం మీద చచ్చినవి ఐదు.

మొన్న మాఘంలో ఇంకో మేకపోతును తెచ్చాను. దొడ్డికి దూరంగా, మామిడి చెట్టుకు కట్టాను, దాని నీళ్ళ తొట్టి వేరు. చెవి స్వాబ్ ఒకసారి పంపాను, అందులో క్రిమి రాలేదన్నారు, నెల తర్వాత ఇంకోసారి పంపాలి. రాత్రంతా మందను చూసి అరుస్తా ఉంటుంది.

"ఏమయ్యా, దాన్ని ఎప్పుడు కలుపుతావు? నిద్ర లేదు" అంటుంది మా ఇంటామె.

ఇంకా పదకొండు రోజులుంది.