మూడు చైన్‌రింగుల సైకిల్‌కి ముందు డిరైలర్ ఎంచుకోవడం: నా అనుభవం

నా సైకిల్ క్రాంక్‌కి (పెడళ్ళు తగిలించి ఉండే, తొక్కితే తిరిగే భాగం) మూడు చైన్‌రింగులు, అంటే చైన్ ఎక్కే పళ్ళ చక్రాలు: 48, 36, 26 పళ్ళు. ఏటవాలు ఎక్కేటప్పుడు 26, మామూలు రోడ్డు మీద 36, గాలి వెనక నుంచి తోస్తుంటే 48. బరువు వేసుకుని దూరం వెళ్ళేవాళ్ళకి ఇంతకంటే సుఖమైన అమరిక లేదని నా గట్టి నమ్మకం. వీటి మధ్య చైన్‌ని అటూ ఇటూ నెట్టే ముందు డిరైలర్ మాత్రం అరిగిపోయింది. దాని కేజ్‌ని, అంటే చైన్ మధ్యలోంచి వెళ్ళే రెండు ప్లేట్ల చట్రాన్ని, వేళ్ళతో పట్టుకుని ఊపితే లొడలొడ ఆడేది. హ్యాండిల్ మీది షిఫ్టర్ (గేరు మార్చే మీట) నొక్కితే కేబుల్ లాగిన దాంట్లో చాలావరకు ఆ వదులుకే పోయేది, 36 నుంచి 48కి ఎక్కడానికి చైన్ మొరాయించేది. మార్చక తప్పలేదు.

వెనక డిరైలర్ ఎంపిక కాస్త తేలిక. ముందుది ఫ్రేమ్‌కి, క్రాంక్‌కి, షిఫ్టర్‌కి మూడింటికీ కుదరాలి. ఒక్కటి కుదరకపోయినా మిగతా రెండూ కుదిరి లాభం లేదు. అందుకే మోడళ్ళు చూడకముందే టేపు పట్టుకుని సైకిల్ పక్కన కూర్చున్నాను.

మొదట ఫ్రేమ్. డిరైలర్ సీట్ ట్యూబ్‌కి, అంటే సీటు కింది నిలువు గొట్టానికి, పట్టీలా బిగుస్తుంది. ఆ పట్టీలు సాధారణంగా 28.6, 31.8, 34.9 మి.మీ. సైజుల్లో వస్తాయి. వెర్నియర్ లేకపోయినా ఇబ్బంది లేదు, ట్యూబ్ చుట్టూ దారం చుట్టి కొలిస్తే చాలు. సుమారు 90 మి.మీ. వస్తే 28.6, 100 వస్తే 31.8, 110 వస్తే 34.9. నాది 100 వచ్చింది. పెద్ద పట్టీతో పాటు సన్న ట్యూబులకి సరిపడే అడాప్టర్లు ఇచ్చే మోడళ్ళూ ఉన్నాయి, సరిగ్గా కూర్చుంటే అవీ బాగానే పనిచేస్తాయి.

తర్వాత కేబుల్ ఎటు నుంచి వస్తోందో చూశాను. నా ఫ్రేమ్‌లో అది బాటమ్ బ్రాకెట్ (క్రాంక్ ఇరుసు ఉండే చోటు) కింది నుంచి తిరిగి పైకి వస్తుంది, అంటే కిందికి లాగే రకం కావాలి. పైనుంచి సీట్ ట్యూబ్ వెంట దిగే ఫ్రేములకి పైకి లాగే రకం. రెండు వైపులా పనిచేసేవీ దొరుకుతాయి. కొత్త సైడ్ స్వింగ్ డిరైలర్లలో కేబుల్ ముందు నుంచి నేరుగా వస్తుంది. దానికి తగ్గ దారి నా ఫ్రేమ్‌లో లేదు కాబట్టి వాటిని పక్కన పెట్టాను. పట్టీ పైన ఉండాలా, కింద ఉండాలా అన్నది నీళ్ళ సీసా స్టాండు బోల్టు తేల్చేసింది. పైన పట్టీ ఉండే రకమైతే సరిగ్గా ఆ బోల్టు మీదికి వస్తుంది. కాబట్టి పట్టీ కిందికి ఉండే టాప్ స్వింగ్.

అసలు సంగతంతా క్రాంక్ దగ్గరుంది. కేజ్ బయటి ప్లేటు పెద్ద రింగు వంపునే అనుసరించాలి. 42 పళ్ళకని చేసిన కేజ్‌ని 48 మీద పెడితే దాని వంపు మరీ ఎక్కువై, తోక పళ్ళకి తగులుతుంది. 52కని చేసింది పెడితే ముందు భాగం దగ్గరగా ఉన్నా తోక దూరంగా లేచి నిలబడుతుంది, చైన్ మారడంలో చురుకు పోతుంది.

లోపలి ప్లేటు ఇంకా ముఖ్యం. పాత డిరైలర్ విప్పాక దాన్ని వెలుతురులో తిప్పి చూశాను. మూడు రింగుల రకంలో లోపలి ప్లేటు బయటిదానికంటే బాగా కిందికి దిగి ఉంటుంది, మధ్యలో మెట్టులా నొక్కిన వంపు ఉంటుంది. చైన్‌ని కింది భాగం 26 నుంచి 36కి, పై భాగం 36 నుంచి 48కి నెడతాయి. నా పాతదానిలో చైన్ రాసుకున్న చోట లోహం మెరిసిపోయి, సన్నని గాడి పడి ఉంది. రెండు రింగుల డిరైలర్‌లో ఈ లోతు ఉండదు, అందుకే అది మూడింటి మీద తడబడుతుంది.

ఈ లోతుకీ ఒక లెక్కుంది. పెద్ద, మధ్య రింగుల మధ్య కనీసం ఎన్ని పళ్ళ తేడా ఉండాలో తయారీదారు చెబుతాడు. అంతకంటే తక్కువ తేడా ఉంటే, కేజ్ బయటికి జరిగినప్పుడు లోపలి ప్లేటు మధ్య రింగుకి తగిలే ప్రమాదముంది. నా తేడా 12. మొత్తం కెపాసిటీ అంటే పెద్ద రింగులోంచి చిన్నది తీసేస్తే వచ్చేది, 48 లోంచి 26 పోతే 22. కెపాసిటీ 20 మాత్రమే ఉన్నదైతే, చిన్న రింగులో చైన్ కిందికి జారి కేజ్ అడుగున రాసుకుంటుంది. 50, 39, 30 పళ్ళ రోడ్ క్రాంక్ కోసం చేసిన డిరైలర్ ఒకటి చూడ్డానికి ఎంతో ముచ్చటగా ఉంది. దాని కెపాసిటీ 20 అని చూశాక వదిలేశాను.

దాన్ని వదలడానికి షిఫ్టర్ కూడా ఓ కారణం. నాది అడ్డ హ్యాండిల్, బొటనవేలితో నొక్కే, మూడు మెట్ల మౌంటెన్ షిఫ్టర్. షిమానో రోడ్ డిరైలర్లకీ మౌంటెన్ షిఫ్టర్లకీ కేబుల్ లాగే పొడవు ఒకటి కాదు. మెట్లు లేని ఫ్రిక్షన్ షిఫ్టర్ అయితే చేతి అంచనాతో సర్దుకోవచ్చు, నా దానితో కుదరదు. కాబట్టి ట్రెకింగ్ లేదా మౌంటెన్ వరసలోంచే తీసుకోవాలి.

చైన్‌లైన్ ఒకటి మిగిలింది. సీట్ ట్యూబ్ మధ్య నుంచి మధ్య రింగు దాకా ఉండే దూరమది. ట్యూబ్ అంచు నుంచి రింగు పళ్ళ దాకా 34 మి.మీ., దానికి ట్యూబ్ వ్యాసంలో సగం 15.9 కలిపితే దాదాపు 50. షిమానో మౌంటెన్ ట్రిపుళ్ళలో (మూడు రింగుల క్రాంకుల్లో) 47.5, 50 రెండూ ఉన్నాయి, రోడ్ ట్రిపుల్‌కి 45. చైన్‌స్టే (క్రాంక్ నుంచి వెనక చక్రం దాకా వెళ్ళే గొట్టం) కోణం చూడ్డానికి పక్క నుంచి ఫోటో తీసి కొలిచాను. 66–69 డిగ్రీల రకం సరిపోయింది.

ఇన్ని కొలతలు చేతిలో ఉన్నాక ఎంపికకి ఎంతోసేపు పట్టలేదు. 2012లో స్రామ్ ఎక్స్‌ఎక్స్1తో ముందు ఒకే రింగు, వెనక 11 గేర్ల పద్ధతి వచ్చాక మౌంటెన్ సైకిళ్ళలో మూడు రింగులు తగ్గిపోతూ వచ్చాయి, దాంతో ఖరీదైన వరసల్లో వెతికే పని కూడా తగ్గింది. నాకు దాని బాధ లేదు. ముందు డిరైలర్‌లో మెరుగు కంటే కేజ్ ఆకారమే నాకు ప్రధానం. 48 పళ్ళకని చేసిన, కెపాసిటీ 22 ఉన్న, స్టీలు ప్లేట్ల మామూలు ట్రెకింగ్ డిరైలర్ తీసుకున్నాను.

బిగించేటప్పుడు తొందరపడలేదు. బయటి ప్లేటుకీ 48 రింగు పళ్ళకీ మధ్య 1 నుంచి 3 మి.మీ. సందు ఉండాలి, పైనుంచి చూస్తే ప్లేటు, రింగు సమాంతరంగా కనిపించాలి. పట్టీ బోల్టు బిగిస్తుంటే కేజ్ కొద్దిగా తిరుగుతుంది, బిగించాక మళ్ళీ చూడాల్సిందే. చైన్‌ని 26 మీద, వెనక అన్నిటికంటే పెద్ద స్ప్రాకెట్ (వెనక చక్రానికి ఉండే పళ్ళ బిళ్ళ) మీద ఉంచి, లోపలి ప్లేటుకీ చైన్‌కీ మధ్య అర మి.మీ. లోపే సందు మిగిలేలా, కేజ్‌కి లోపలి వైపు హద్దు పెట్టే లో స్క్రూ తిప్పాను. ఆ తర్వాతే కేబుల్ లాగి బిగించాను. 48 మీద, వెనక చిన్న స్ప్రాకెట్ మీద చైన్ ఉంచి, బయటి వైపు హద్దు పెట్టే హై స్క్రూ తిప్పాను. ఆఖరున 36, వెనక పెద్ద స్ప్రాకెట్: ఇక్కడ సందు కుదిర్చేది స్క్రూ కాదు, కేబుల్ బిగువు. ఆ బిగువు సర్దే బ్యారెల్‌ని కొద్దికొద్దిగా తిప్పుతూ పెడల్ తిప్పితే రాపిడి శబ్దం ఆగిపోయింది. కొత్త కేబుల్ సర్దుకున్నాక ఆ శబ్దం మళ్ళీ వినిపించింది, బ్యారెల్ ఇంకో పావు చుట్టు తిప్పితే పోయింది.