జీఎస్-2లో నన్ను గట్టెక్కించిన జపాన్ ఓడ

సివిల్స్ తుది జాబితా వచ్చాక ఫోన్లు ఇప్పుడిప్పుడే తగ్గాయి. ఎలా చదివావని అడిగిన వాళ్లందరికీ ఒకేసారి జవాబు ఇది. ప్రిలిమ్స్, సీశాట్, ఆప్షనల్ గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. పాత ప్రశ్నపత్రాలు, రోజూ జవాబులు రాయడం, అంతే. నాకు కలిసొచ్చింది మెయిన్స్ జనరల్ స్టడీస్ రెండో పేపరు (జీఎస్-2)లోని అంతర్జాతీయ సంబంధాలు. అందుకు కారణం చోకై అనే జపాన్ యుద్ధనౌక, క్షిపణులు మోసే విధ్వంసక నౌక.

నవ్వకండి. జపాన్ అనగానే క్వాడ్ (భారత్, అమెరికా, జపాన్, ఆస్ట్రేలియా కూటమి), బుల్లెట్ రైలు, ఇండో-పసిఫిక్ అని అందరూ రాస్తారు. నేను ఆ ఓడ చరిత్ర రాసుకున్నాను. ఒకే నమూనాతో కట్టిన కొంగో తరగతి ఓడల్లో నాలుగోది, చివరిది. 1998 మార్చిలో నౌకాదళంలో చేరింది, స్థావరం ససేబో. అదే ఏడాది ఆగస్టు 31న ఉత్తర కొరియా ప్రయోగించిన తేపోడాంగ్ క్షిపణి జపాన్ మీదుగా దూసుకెళ్లింది. ఈ తరగతి ఓడలకు దాన్ని పసిగట్టే ఏజిస్ రాడార్ ఉంది కానీ, అంత ఎత్తున కూల్చే క్షిపణి లేదు. 2003 డిసెంబరులో క్షిపణి రక్షణ వ్యవస్థకు జపాన్ మంత్రివర్గం పచ్చజెండా ఊపింది ఆ భయంతోనే.

అసలు కథ ఇక్కడినుంచి. 2007 డిసెంబరులో హవాయి దగ్గర జరిగిన పరీక్షలో కొంగో నౌక, వచ్చే క్షిపణిని అంతరిక్షంలోనే అడ్డుకునే ఎస్ఎం-3 క్షిపణితో లక్ష్యాన్ని కూల్చింది. మరుసటి ఏడాది నవంబరులో చోకై వంతు. రాడార్ లక్ష్యాన్ని పట్టింది, క్షిపణి సవ్యంగానే లేచింది. చివరి క్షణాల్లో దాని కొసన ఉన్న భాగం లక్ష్యాన్ని కోల్పోయింది. అయినా 2009 మార్చిలో ఉత్తర కొరియా మళ్లీ రాకెట్ సిద్ధం చేసినప్పుడు జపాన్ ప్రభుత్వం కొంగోతో పాటు చోకైనే జపాన్ సముద్రంలో కాపలా పెట్టింది. ఏప్రిల్ 5న రాకెట్ పైనుంచి వెళ్లిపోయింది, వీళ్లు దేన్నీ పేల్చలేదు.

ఇంటర్వ్యూలో బోర్డు సభ్యుడొకరు సరిగ్గా ఇదే పట్టుకున్నారు: "పరీక్షలో గురి తప్పిన ఓడను మళ్లీ ఎందుకు పంపారు?" లోపం క్షిపణిదే కానీ ఓడది కాదనీ, అప్పటికి ఎస్ఎం-3 ఉన్న జపాన్ నౌకలు ఆ రెండేననీ చెప్పాను. ఆ తర్వాత సంభాషణ, యుద్ధాన్ని వదులుకుంటున్నట్లు చెప్పే జపాన్ రాజ్యాంగం తొమ్మిదో అధికరణం వైపు మళ్లింది. మిత్రదేశంపై దాడి జరిగినా కొన్ని షరతులతో బలం వాడవచ్చంటూ 2014లో దానికి మంత్రివర్గం ఇచ్చిన కొత్త భాష్యం, 2015 భద్రతా చట్టాలు, 2022 డిసెంబరు వ్యూహపత్రంలోని ఎదురుదాడి సామర్థ్యం, అన్నీ వరుసగా వచ్చాయి. 2025లో ఇదే చోకై, దూరాన నేలమీది లక్ష్యాలను కొట్టే అమెరికా టోమహాక్ క్షిపణులు ప్రయోగించేందుకు కావలసిన మార్పుల కోసం అమెరికా బయలుదేరింది. ఆకాశం నుంచి వచ్చేదాన్ని ఆపడానికి తయారైన ఓడ, దూరాన ఉన్న నేలను కొట్టే ఓడ అవుతోందన్నమాట.

ఇదంతా నా నోట్సులో రెండు పేజీలు. గదిలో మిత్రులు దీన్ని కాలక్షేపం అన్నారు. నెలకో కరెంట్ అఫైర్స్ పుస్తకం కొని రంగురంగుల గీతలు గీయడం మాత్రం చదువట! ఒక విషయాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివే ఓపిక లేనివాళ్లు సిలబస్‌ను తిట్టడం నాకు ఎప్పటికీ అర్థం కాదు. క్రమశిక్షణ అంటే తెల్లవారుజామున లేవడం ఒక్కటే కాదు.

అయితే దయచేసి మీరూ చోకైనే రాయకండి, వచ్చే మెయిన్స్‌లో దిద్దేవాళ్ల బల్లమీద వందల చోకైలు తేలతాయి. శ్రీలంకలోని హంబన్‌టోట రేవు తీసుకోండి, ఇరాన్‌లోని చాబహార్ రేవు తీసుకోండి, భారత్-పాకిస్థాన్‌ల 1960 సింధు జలాల ఒప్పందం తీసుకోండి. ముందు తేదీలు వరుసగా రాసుకుని, ప్రతి తేదీ పక్కన "ఎందుకు" అని మీరే అడగండి.