జానెడు, బెత్తెడు

పర్లాకిమిడి బస్‌స్టాండులో టెక్కలి మీదుగా పలాస వెళ్లే తొలి బస్సు ఎక్కుతూ మా మేనల్లుడి సంచి అందుకున్నాను. రెండు జతల బట్టలకు అంత బరువు ఉండదు. విప్పి చూస్తే, తువ్వాలులో చుట్టిన కిలోన్నర డిస్కస్, అంటే ఆటపోటీల్లో దూరంగా విసిరే గుండ్రటి పళ్లెం, కనబడింది. ఎందుకురా ఇది అని అడిగితే, "వాళ్లు వేళ్లు ఎలా పెడతారో చూసి అక్కడే ఓసారి పట్టి చూద్దామని, మావయ్యా" అన్నాడు. పదిహేనేళ్లవాడు. ఇంట్లో దించి రమ్మనడానికి నాకు నోరు రాలేదు.

అది 2017 జూలై 5. మరునాటి నుంచి నాలుగు రోజుల పాటు భువనేశ్వర్ కళింగ స్టేడియంలో 22వ ఆసియా అథ్లెటిక్స్ ఛాంపియన్‌షిప్ జరగనుంది. తొలి రోజునే పురుషుల డిస్కస్ త్రో ఉందని పత్రికలో చదివిన నాడే బడికి సెలవు చీటీ రాసి ఇచ్చాను. ఇరవై రెండేళ్లుగా వ్యాయామోపాధ్యాయుడిగా పిల్లల చేత డిస్కస్ వేయిస్తున్నాను గాని, అంతర్జాతీయ స్థాయి ఆటగాడు విసరడాన్ని కళ్లెదుట ఒక్కసారి కూడా చూడలేదు. టీవీలో రెండు పరుగు పందేల నడుమ ఒక విసురు చూపించి, డిస్కస్ నేలను తాకీ తాకకముందే మళ్లీ ట్రాక్ మీదికి వెళ్లిపోతారు. ఈ ఆటలో నేర్చుకోవలసినదంతా ఆ విసురుకు ముందున్న ఒకటిన్నర చుట్లలోనే ఉంది.

మా ఊరి సంగతి ఒక మాట చెప్పాలి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు చేరింది. ఇళ్లలో తెలుగు, బడిలో ఒడియా, బజారులో రెండూ. పొలిమేర దాటితే పాతపట్నం, అంటే ఆంధ్ర. మా అక్క ఇల్లు ఇక్కడ, మా తమ్ముడి అత్తవారిల్లు అక్కడ. అక్కడి పిల్లవాడు జిల్లా పోటీలకు శ్రీకాకుళం వెళ్తే, ఇక్కడి పిల్లవాడు గజపతి జిల్లా తరఫున ఆడి, గెలిస్తే భువనేశ్వర్ దాకా వెళ్లాలి. ఒకే ఏటి ఒడ్డున పెరిగిన పిల్లల దారులు మైదానంలో మాత్రం ఇలా విడిపోతాయి. మహేంద్రతనయ ఒడ్డున బిళ్ల రాళ్లను నీటిమీద కప్పగంతులు వేయించడంలో మా వాడిని మించినవాడు లేడని తెలిసిన రోజునే నేను వాడి చేతికి డిస్కస్ ఇచ్చాను. రాయి గాని డిస్కస్ గాని చివరకు చూపుడువేలి కొస నుంచే జారాలి, జారుతూ గిర్రున తిరగాలి. ఆ తిరుగుడు లేకపోతే గాలిలో తలకిందులై దగ్గరలోనే పడిపోతుంది.

పలాసలో రైలెక్కి సోంపేట, ఇచ్ఛాపురం దాటాక మళ్లీ ఒడిశా. బరంపురంలో సగం పెట్టె ఖాళీ అయి, అంతకు రెట్టింపు జనం ఎక్కారు. ఛత్రపురం దాటి రైలు రుషికుల్య వంతెన మీదికి వచ్చినప్పుడు నేను వాడిని కిటికీ దగ్గరికి జరిపాను. ఆ నది సముద్రంలో కలిసేచోట ఇసుక తిన్నెల మీదనే ఆలివ్ రిడ్లీ తాబేళ్లు వేలకొద్దీ వచ్చి గుడ్లు పెడతాయి. ఈ పోటీల చిహ్నంగా పెట్టుకున్న 'ఆలీ' ఆ తాబేలే. మా పక్క జిల్లా తీరానికి వచ్చే ప్రాణిని నలభై పైచిలుకు దేశాల ఆటగాళ్లకు స్వాగతం పలికే బొమ్మగా నిలబెట్టడం నాకు చాలా సంతోషం కలిగించింది. తరువాత చిలికా సరస్సు ఎంతోసేపు మా వెంటే నడిచింది. రంభ నుంచి బాలుగావ్ దాకా వాడు కిటికీలో నుంచి తల తిప్పలేదు.

ఆ రాత్రి భువనేశ్వర్‌లో మా చిన్నాన్నగారి అమ్మాయి ఇంట్లో దిగాం. ఈ పోటీలు మొదట రాంచీలో జరగవలసి ఉండగా అక్కడ కుదరక భువనేశ్వర్‌కు వచ్చాయని, తొంభై రోజుల్లో స్టేడియాన్ని సిద్ధం చేశారని భోజనాల దగ్గర బావగారు చెప్పారు. ఆ మూడు నెలలూ ఆ దారిన రాత్రింబవళ్లు లారీలు తిరిగాయట.

మరునాడు గేటు దగ్గర సంచి తనిఖీ చేసి, ఇనుప అంచు ఉన్న ఆ బరువైన వస్తువును లోపలికి పంపేది లేదన్నారు. వారి విధి వారు చేశారు. జనం నడుమ అలాంటిది ఉండకూడదు, నేనే ముందుగా ఆలోచించవలసింది. మా వాడి ముఖం చిన్నబోయింది. రోడ్డు అవతల టీ కొట్టు పెట్టుకున్నాయన మా మాటలు విని, "తెలుగోళ్లా బాబూ? మాది సోంపేట. ఇటియ్యండి, నేను చూసుకుంటాను" అని తువ్వాలుతో సహా అందుకుని బిస్కట్ల సీసాల వెనుక భద్రంగా పెట్టాడు.

లోపల మేము విసిరే వలయానికి వీలైనంత దగ్గరగా కూర్చున్నాం. వలయం వ్యాసం రెండున్నర మీటర్లు. చుట్టూ ఎత్తైన వల, ముందు వైపు మాత్రమే నోరు. అక్కడి నుంచి పచ్చికపై విసనకర్రలా విచ్చుకున్న రెండు తెల్లని గీతలు. డిస్కస్ ఆ గీతల లోపల పడాలి. విసిరినవాడు వలయం అంచు పైభాగాన్ని తొక్కకూడదు, డిస్కస్ నేలను తాకేదాకా బయటికి రాకూడదు, వచ్చేటప్పుడు వెనుక సగం నుంచే రావాలి. తెల్ల జెండా లేస్తే చెల్లినట్లు, ఎర్ర జెండా లేస్తే ఆ విసురు పోయినట్లు. ఒక్కొక్కరికి మూడు అవకాశాలు ఇచ్చి, మొదటి ఎనిమిది మందికి మరో మూడు ఇస్తారు. ఇవన్నీ నేను పిల్లలకు నల్లబల్ల మీద బొమ్మ వేసి చెప్పినవే. అయితే ఆరడుగులకు పైబడిన భారీ మనుషులు ఆ చిన్న వలయంలో అడుగుపెట్టగానే, అందులో తిరగడానికి చోటే లేదనిపించింది.

ఇరాన్ ఆటగాడు ఎహ్సాన్ హదాదీని చూడాలన్నది నా చిరకాల కోరిక. 2006, 2010, 2014 ఆసియా క్రీడల్లో వరుసగా మూడు స్వర్ణాలు గెలిచినవాడు. 2008లో అతడు విసిరిన 69.32 మీటర్లే అప్పటికి ఆసియా రికార్డు. విసరవలసిన దిక్కుకు వీపు చూపి నిలబడ్డాడు. చేతిని రెండు మార్లు వెనక్కూ ముందుకూ ఊపాడు. మోకాళ్లు వంచి కూర్చున్నంత పనిచేసి, ఎడమ పాదం మునివేళ్ల మీద తిరగడం మొదలుపెట్టాడు. మొదటి అర చుట్టు నెమ్మదిగానే ఉంది. కుడికాలు వలయం నడుమ పడిన క్షణం నుంచి మాత్రం కన్ను పట్టలేని వేగం. ముందు పాదం తిరిగింది, తరువాత నడుము, ఆ తరువాత ఛాతీ. చేయి అన్నిటికన్నా వెనుక, ఎక్కడో ఈడ్చుకుంటూ వస్తోంది. నేను మా వాడి భుజం నొక్కి, "చెయ్యి చూడకు, మడమ చూడు" అన్నాను. చేలల్లో పిట్టలను తోలేవాళ్లు వడిసెల తిప్పడం వాడు చూశాడు. వడిసెలలో తాడు బలం చూపదు, తిప్పేవాడి ఒంటి బలాన్ని రాయికి అందిస్తుంది. డిస్కస్ ఆటలో చేయి ఆ తాడు. ఈ మాట ఏళ్ల తరబడి చెబుతున్నాను, ఆ రోజు మాత్రం నేను కూడా మొదటిసారి కళ్లారా చూశాను.

రెండు కిలోల ఆ పళ్లెం చేతి నుంచి వెళ్లాక గాలిలో పైకి లేస్తూ కాసేపు ఆగినట్లే ఉంటుంది. ఈ ఆటకు కొద్దిపాటి ఎదురుగాలి మేలు చేస్తుంది. గాలిపటానికి లాగే కింది నుంచి ఎత్తిపడుతుంది. పరుగెత్తేవాడికి శత్రువైన గాలి ఇక్కడ నేస్తమవుతుందని చెబితే మా వాడు నమ్మలేదు గాని, ఆటగాళ్లు విసరబోయే ముందు తలెత్తి జెండాల వైపు చూడడం గమనించి తలాడించాడు.

జనమంతా ఎదురుచూసినది వికాస్ గౌడ కోసం. మైసూరులో పుట్టి అమెరికాలో పెరిగిన ఇతడు 2012లో 66.28 మీటర్లతో జాతీయ రికార్డు నెలకొల్పాడు. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 63.64 మీటర్లతో స్వర్ణం గెలిచాడు. ఈ ఆసియా ఛాంపియన్‌షిప్‌లోనే 2013లో పుణెలోనూ, 2015లో వూహాన్‌లోనూ అతడే విజేత. ముందురోజే ముప్పై నాలుగు నిండాయి. పేరు పిలవగానే స్టేడియం హోరెత్తింది. మా వెనుక వరుసలో ఒడియా కుర్రాళ్లు, మా పక్కన తెలుగు కుటుంబం, అందరిదీ ఒకటే కేక. అతడు వలయంలో నిలబడగానే ఆ కేక అణిగిపోయింది. ఆ నిశ్శబ్దంలో అతడి బూటు అడుగు సిమెంటు మీద రాసుకున్న చప్పుడు నాకు వినిపించింది.

చివరకు హదాదీ 64.54 మీటర్లతో స్వర్ణం గెలిచాడు. మలేషియా ఆటగాడు ఇర్ఫాన్ షంసుద్దీన్ 60.96తో రజతం, వికాస్ గౌడ 60.81తో కాంస్యం అందుకున్నారు. చుట్టూ ఉన్నవాళ్లు పతకం వచ్చిందని చప్పట్లు కొడుతుండగా మా వాడు వేళ్ల మీద లెక్క వేసి, "పదిహేను సెంటీమీటర్లే, మావయ్యా" అన్నాడు. కుడి చేతి బొటనవేలూ చిటికెనవేలూ చాచి ముందు కుర్చీ వీపు మీద ఆనించాడు. వాడి జాన ఇరవై సెంటీమీటర్లు దాటుతుంది. జానెడైనా లేని తేడా అది. అరవై మీటర్ల దూరం విసిరాక రెండో స్థానానికీ మూడో స్థానానికీ నడుమ మిగిలింది అంతే.

టీ కొట్టాయన డిస్కస్ తిరిగి ఇచ్చి, డబ్బులు తీసుకోకుండా రెండు టీలు పోశాడు. అక్కడే, ఆ బల్ల పక్కన నిలబడి మా వాడు వేళ్ల చివరి కణుపులు మాత్రమే అంచుకు తగిలేలా పట్టుకుని నాకు చూపించాడు. అంతకుముందు వాడు అరచేతితో గట్టిగా అదిమి పట్టేవాడు. నేను రెండేళ్లుగా చెబుతున్న దిద్దుబాటు అది.

తిరుగు రైలులో వాడికి నిద్ర పట్టలేదు. వికాస్ గౌడ ఓడిపోయినందుకు బాధపడుతున్నాడని గ్రహించి హదాదీ సంగతి చెప్పాను. 2012 లండన్ ఒలింపిక్స్‌లో అతడు 68.18 మీటర్లు విసిరితే, జర్మనీ ఆటగాడు రాబర్ట్ హార్టింగ్ 68.27 విసిరి స్వర్ణం తీసుకుపోయాడు. ఇరాన్‌కు అథ్లెటిక్స్‌లో వచ్చిన మొదటి ఒలింపిక్ పతకం ఆ రజతమే. తేడా తొమ్మిది సెంటీమీటర్లు. వాడు నాలుగు వేళ్లు దగ్గరికి చేర్చి బెర్తు అంచు మీద అడ్డంగా పెట్టాడు. "బెత్తెడు కన్నా కొంచెం ఎక్కువ" అన్నాడు. మన దేశం వాళ్లు ఆసియాలో గెలిచిన రోజులు కూడా చెప్పాను. 1966లోనూ 1970లోనూ బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో డిస్కస్ స్వర్ణం గెలిచిన ప్రవీణ్ కుమారే తరువాత దూరదర్శన్‌లో భీముడిగా కనిపించాడంటే వాడు లేచి కూర్చున్నాడు. ఆ పేరు ఈ తరం పిల్లల పాఠ్యపుస్తకంలో ఉండాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

మరుసటి ఆదివారం బడి మైదానంలో పాత వలయాన్ని చెరిపేశాం. మేకు పాతి, పురికొసను సరిగ్గా మీటరుంపావుకు కొలిచి కట్టి, సున్నంతో కొత్త వలయం గీశాం. గీతల కోణం కొలిచే పరికరం మా దగ్గర లేదు. వలయం కేంద్రం నుంచి ఇరవై మీటర్ల దగ్గర రెండు గీతల నడుమ పన్నెండు మీటర్లు ఉంటే కోణం దానంతట అదే సరిపోతుంది కాబట్టి టేపుతోనే పని జరిగిపోయింది. ఇన్నాళ్లూ కంటి అంచనాతో గీసిన గీతలు రెండడుగులు ఎక్కువ వెడల్పుగా ఉన్నాయని అప్పుడు తెలిసింది.

వాడు ఆరు సార్లు విసిరాడు. రెండు వలలో పడ్డాయి, ఒకటి గీత బయట పడింది. ఐదోది 31.40 మీటర్లు వెళ్లింది, అదే వాడికి అన్నిటికన్నా పెద్ద విసురు. గుర్తుగా ఒక చీపురుపుల్ల గుచ్చాను. వాడు వచ్చి ఆ పుల్ల ముందు మోకరించి, మట్టి మీద జాన పరిచి, చిటికెనవేలు ఆగినచోట రెండో పుల్ల గుచ్చి, డిస్కస్‌కు అంటిన మన్ను తువ్వాలుతో తుడుచుకుంటూ వలయం వైపు నడిచాడు.