పాళెం వెలుపలి రాహాబు

యెరికో గోడలు కూలిన రోజు, ఇశ్రాయేలు వేగులవాళ్లను తన ఇంట్లో దాచి కాపాడిన ఆ పట్టణపు వేశ్య రాహాబునీ ఆమె ఇంటివాళ్లనీ బయటికి తీసుకొచ్చి ఇశ్రాయేలు పాళెం వెలుపల ఉంచారు. యెహోషువ 6:23లో ఉన్నది ఇంతే. రెండు వచనాల తర్వాత, ఆమె ఇశ్రాయేలీయుల మధ్యే నివసిస్తోందని ఒక్క మాట ఉంటుంది. ఆ తర్వాత పాత నిబంధనలో ఆమె ఊసే లేదు. కొత్త నిబంధన తెరిస్తే మాత్రం మొదటి అధ్యాయంలోనే "శల్మాను రాహాబునందు బోయజును కనెను" అని కనిపిస్తుంది. అది దావీదు వంశం, మన ప్రభువు వంశం. పాళెం బయట ఉంచిన మనిషి ఆ వంశావళిలోకి ఎలా వచ్చింది? ఆమెను మొదట ఎవరు పలకరించారు? శల్మాను ఈమెను చేసుకుంటానన్నప్పుడు వాళ్లమ్మ ఏమంది? బైబిలు చెప్పదు.

బైబిలు స్త్రీల మీద రాసే చారిత్రక నవలలు పుట్టేది ఇక్కడే. ఇంగ్లిషులో ఇవి బోలెడున్నాయి. మత్తయి వంశావళిలో వచ్చే ఐదుగురు స్త్రీల మీద (తామారు, రాహాబు, రూతు, ఊరియా భార్య బత్షెబ, మరియ) ఫ్రాన్సీన్ రివర్స్ ఒక్కొక్కరికి ఒక చిన్న నవల చొప్పున రాశారు. రాహాబు మీద మరికొందరు విడిగా రాశారు.

"దేవుడు చెప్పకుండా వదిలేసింది మనం కల్పించి రాయొచ్చా అమ్మా?" అని మా స్త్రీల కూడికలో ఒక పెద్దావిడ అడిగారు. న్యాయమైన ప్రశ్నే. నవల వాక్యం కాదు, దాన్ని పట్టుకుని ప్రసంగం చేయకూడదు, సాక్ష్యంగా చెప్పకూడదు. కానీ వాక్యం వదిలేసిన చోట మనుషులు ఊహించుకోవడం ఈనాటిది కాదు. రాహాబును యెహోషువే పెళ్లి చేసుకున్నాడని యూదుల ప్రాచీన బోధల గ్రంథం తల్మూదులో ఉంది. మొదటి శతాబ్దంలో చరిత్ర రాసిన జోసీఫస్ ఆమెను పూటకూళ్లమ్మను చేసేశాడు. మన తెలుగు ఆడవాళ్లు మాత్రం ఊరుకున్నారా? రామాయణంలో ఎవరూ పట్టించుకోని ఊర్మిళ కోసం ఏకంగా ఒక పాటే కట్టి తరతరాలుగా పాడుకున్నారు. పెద్ద కథలో పక్కన నిలబడ్డ ఆడమనిషి దగ్గర ఆగి, "ఈవిడ సంగతేంటి?" అని అడగడం మనకు బాగా అలవాటైన పనే.

నాకు ఈ నవలల వల్ల జరిగిన మేలు ఒకటే. వాక్యంలో నేను పరుగెత్తే చోట అవి నన్ను ఆపాయి.

యెహోషువ రెండో అధ్యాయం మనకు కంఠతా వచ్చు. వేగులవాళ్లను మిద్దె మీద జనుపకట్టెలో దాచడం, "మీ దేవుడైన యెహోవా పైన ఆకాశమందును క్రింద భూమియందును దేవుడే" అన్న ఆమె ఒప్పుకోలు, ఆ ఇంటిని గుర్తుపట్టి విడిచిపెట్టడానికి కిటికీకి తొగరు (ఎర్ర) దారం. అక్కడి నుంచి ఒక్క దూకున ఆరో అధ్యాయానికి వెళ్లి గోడలు కూల్చేస్తాం. రాహాబు విశ్వాసం గురించి ఎన్ని ప్రసంగాలు విన్నా ఆ ఒప్పుకోలు మాటల దగ్గరే ఆగేవి. నవల రాసేవాళ్లకు ఆ సౌకర్యం లేదు. ఆ మధ్య రోజుల్లో ఆమెను ఎక్కడో ఒకచోట కూర్చోబెట్టాలి, తినిపించాలి, పడుకోబెట్టాలి.

ఆ మధ్య రోజులు ఎన్నో ఒకసారి వాక్యంలోనే చూద్దాం. వేగులవాళ్లు మూడు రోజులు కొండల్లో దాక్కుని తిరిగి వెళ్లారు. ప్రజలు యొర్దాను దాటింది మొదటి నెల పదో తేదీన. కోతకాలం, నది గట్లు పొర్లుతోంది. దాటాక గిల్గాలులో సున్నతి, పుండ్లు మానేదాకా విశ్రాంతి. పద్నాలుగో తేదీ సాయంత్రం పస్కా. ఆ తర్వాత యెరికో చుట్టూ ఏడు రోజుల ప్రదక్షిణ. ఎలా లెక్కేసినా రెండు వారాలకు తక్కువ కాదు. దారం మాత్రం వాళ్లను పంపిన వెంటనే కట్టేసింది, 2:21 చూడండి. అంటే ఆ రోజులన్నీ అది కిటికీకి వేలాడుతూనే ఉంది. రాజు మనుషులు అప్పటికే ఒకసారి వచ్చి అడిగి వెళ్లిన ఇల్లు అది!

ఇక ఇంట్లో ఎవరున్నారు? తల్లి, తండ్రి, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, వాళ్లకు కలిగినవాళ్లు. గడప దాటి వీధిలోకి వెళ్తే ఎవరి ప్రాణానికి వాళ్లదే పూచీ అని వేగులవాళ్లు ముందే చెప్పారు. పట్టణంలో అందరికీ తెలిసిన ఆ ఇంటికి, తమ కూతురు ఏ పని చేస్తుందో తెలిసిన తల్లిదండ్రులు మూటాముల్లె సర్దుకుని రావాలి. ఆమె మాట తప్ప వాళ్ల చేతిలో ఇంకో ఆధారం లేదు. ఏం చెప్పి ఒప్పించి ఉంటుంది? మన ఇళ్లలో రక్షణ పొందిన మొదటి మనిషికి ఇది బాగా తెలుసు. బయటివాళ్లకు సాక్ష్యం చెప్పడం తేలిక. సొంత అన్నను కూర్చోబెట్టి చెప్పాలంటేనే నోరు పెగలదు.

మొదటి ఆరు రోజుల ప్రదక్షిణ ఆ ఇంట్లోంచి ఎలా వినబడి ఉంటుందో నేను ఎప్పుడూ ఆలోచించలేదు. మనం ఎప్పుడూ గోడ బయట, యాజకుల వెనకాల నడుస్తూ చదువుతాం. లోపల కూర్చుని వినండి. కొమ్ము బూరలు, వేల పాదాల చప్పుడు, ఒక్క గొంతు కూడా లేదు, ఎందుకంటే నోరు విప్పొద్దని యెహోషువ ఆజ్ఞ (6:10). పాత యెరికోగా చూపించే తెల్ ఎస్-సుల్తాన్ దిబ్బ సుమారు 10 ఎకరాలే, చుట్టి రావడానికి ఎక్కువసేపు పట్టదు. చుట్టు అయిపోతే వాళ్లు పాళేనికి వెళ్లిపోయేవారు. మిగతా పొద్దంతా ఏమీ జరగదు. రెండో రోజూ అంతే, మూడో రోజూ అంతే. "వాళ్లు నిన్ను మర్చిపోయారే" అని ఏ తమ్ముడో అనకుండా ఉంటాడా? ఆమె ఇల్లు ప్రాకారం మీదే ఉందన్న సంగతి కూడా ఇక్కడే తట్టింది నాకు. దేవుడు కూల్చబోయే గోడ మీద, దేవుడు కాపాడతానన్న ఇల్లు. ఆ టెన్షన్‌తో రెండు వారాలు గడిపింది రాహాబు. హెబ్రీ 11లో విశ్వాస వీరుల మధ్య పేరు పెట్టి చెప్పిన స్త్రీలు ఇద్దరే, శారా, రాహాబు. శారా కూడా ఎదురుచూసిన మనిషే కదా.

అన్ని నవలలూ ఇలా మేలు చేస్తాయనను. కొందరు రాహాబు వృత్తిని కప్పిపుచ్చడానికి చాలా తంటాలు పడతారు. వాక్యానికి ఆ మొహమాటం లేదు. యెహోషువ గ్రంథం, హెబ్రీ పత్రిక, యాకోబు పత్రిక మూడూ ఆమెను వేశ్య అనే అంటాయి, అలా అంటూనే ఆమె విశ్వాసాన్ని మెచ్చుకుంటాయి. మగ్దలేనే మరియ విషయంలో తప్పు ఇంకో వైపు జరిగింది. ఆమెలోంచి ఏడు దయ్యాలు వెళ్లాయని లూకా చెప్పాడు, అంతే. 591లో పోపు గ్రెగరీ చేసిన ఒక ప్రసంగం తర్వాత ఆమె మీద పడ్డ పతిత అనే ముద్ర నవలల్లో ఇంకా పోలేదు.

నాకు అన్నిటికంటే కష్టంగా అనిపించేది బత్షెబ కథను ప్రేమకథగా మార్చడం. 2 సమూయేలు 11లో దావీదు రాజు మనుషుల్ని పంపి, ఊరియా భార్య అయిన ఆమెను రప్పించుకున్నాడు. ఆ అధ్యాయంలో ఆమె నోట వచ్చింది తాను గర్భవతినన్న కబురు ఒక్కటే. చివర్లో, దావీదు చేసింది యెహోవా దృష్టికి చెడ్డదని తీర్పు ఉంది. దావీదును గద్దిస్తూ నాతాను ప్రవక్త చెప్పిన కథలో కూడా ఆమె ఒక బీదవాడి గొర్రెపిల్ల, దాని తప్పేమీ లేదు. అక్కడ వెన్నెల, చూపులు, పరవశం చేర్చిన పుస్తకం ఎంత బాగా రాసినా వాక్యం ఇచ్చిన తీర్పుకు అడ్డుపడుతుంది. అలాంటివి సగంలోనే మూసేస్తాను, మొహమాటపడను. వాక్యం ఊరుకున్న చోట ఊహించడం వేరు, వాక్యం మాట్లాడిన చోట నోరు నొక్కడం వేరు.

నా పద్ధతి చెప్తాను. ముందు బైబిల్లో ఆ అధ్యాయాలు చదువుతాను, తర్వాత నవల, తర్వాత మళ్లీ అవే అధ్యాయాలు. మూడోసారి చదివేటప్పుడు నవలలోని సంగతులు చాలావరకు రాలిపోతాయి. పోవాలి కూడా. మిగిలేవి ప్రశ్నలు. వాటితోనే ప్రార్థనకు కూర్చుంటాను.

రాహాబు చదివాక అలా మిగిలిన ప్రశ్న నన్ను రూతు గ్రంథానికి తీసుకెళ్లింది. మత్తయి లెక్కన బోయజు రాహాబు కొడుకు. వంశావళుల్లో తరాలు దాటవేయడం మామూలేనని పండితులు అంటారు కాబట్టి, మనవడో మునిమనవడో అయినా కావచ్చు. అతని పొలంలో పరిగె ఏరుకోవడానికి రూతు అనే పరదేశి విధవ వచ్చింది, మోయాబు దేశపు మనిషి. ఎవరీ పిల్ల అని అడిగితే, పనివాళ్ల మీద ఉన్నవాడు ఒకే జవాబులో రెండుసార్లు మోయాబు పేరెత్తాడు, ఎక్కడ వినకుండా పోతాడో అన్నట్టు. బోయజు ఆ మాట పట్టుకోలేదు. నా కుమారీ అని పిలిచాడు, వేరే పొలానికి వెళ్లొద్దన్నాడు, దాహం వేస్తే మావాళ్లు చేదిన నీళ్లు తాగమన్నాడు. భోజనం వేళ పేలాలు తన చేత్తో అందించాడు. ఆమె తిని, తృప్తిపడి, అత్తకు కొంచెం మిగుల్చుకుంది కూడా. ఆమె లేచి వెళ్లాక, పనలలోంచి కొన్ని పరకలు కావాలనే లాగి పడేయండి, ఆమెను గద్దించొద్దు అని పనివాళ్లకు చెప్పాడు. బయటినుంచి వచ్చిన ఆడదానికి మొదటి రోజు ఏమేం కావాలో ఈ మగవాడికి ఇంత వివరంగా ఎలా తెలుసు? ఇంట్లో ఎవరో చెప్పి ఉండాలి అనుకుంటాను నేను.